ఆటకొక తెర, అక్షరానికొక తెర

గత వేసవిలో చల్లపల్లిలోని మా ఇంటికి ఒక పూర్వ విద్యార్థి తండ్రిగారు వచ్చారు. కుమారుడు ఇంజనీరింగు చదువుతున్నాడు. కుమార్తె ఇంటివద్దనే ఉండి తెలుగు పుస్తకాలకు అక్షరకూర్పు చేస్తున్నది. ఇద్దరికీ ఒకే కంప్యూటరు. దాని తెర పాడైపోయింది. “144 హెర్ట్జులది కావాలి” అని అబ్బాయి, “అక్షరం తేటగా కనపడేది కావాలి” అని అమ్మాయి. “రెండు కొనే స్తోమత లేదు మాస్టారూ. ఏది తీసుకోమంటారు?” అని ఆయన అడిగారు.

ఈ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకు కొంత కలదు. ఒకసారి నేనే పెద్ద తెర మీది మోజుతో 27 అంగుళాల మానిటరు కొని, నెల తిరగకముందే తలనొప్పి తెచ్చుకున్నాను. నన్నెవరూ మోసగించలేదు. భౌతికశాస్త్రం చెప్పేవాడినై ఉండి, వేయవలసిన చిన్న లెక్క వేసుకోలేదు.

ఆ లెక్క ఇది. తెర మీది బొమ్మ పిక్సెళ్ళనే చిన్న చిన్న చుక్కలతో ఏర్పడుతుంది. వాటిని చిత్రకణాలు అందాము. 27 అంగుళాలన్నది తెర కర్ణం పొడవు. వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9 కాబట్టి పైథాగరస్ సిద్ధాంతం ప్రకారం వెడల్పు సుమారు 59.8 సెంటీమీటర్లు. అడ్డంగా 1920 కణాలుంటే ఒక్కొక్కటి 0.31 మిల్లీమీటర్లు. ఆరోగ్యవంతమైన కన్ను సుమారుగా డిగ్రీలో అరవయ్యవ వంతు కోణాన్ని వేరుచేసి చూడగలదు. 60 సెంటీమీటర్ల దూరంలో ఆ కోణం 0.17 మిల్లీమీటర్లకు సమానం. అంటే నా తెర మీది చుక్కలు కంటి శక్తికి దాదాపు రెండింతలు పెద్దవి! అవి కలిసిపోయి కనపడాలంటే మీటరుకు పైగా దూరం జరగాలి. అదే 24 అంగుళాల తెర మీద 1920 కణాలే ఉంటే కణం 0.28 మిల్లీమీటర్లు. 27 అంగుళాలలో 2560 కణాలుంటే 0.23; 3840 ఉంటే 0.16.

ఇంగ్లీషు అక్షరానికి ఈ ముతకదనం అంతగా అడ్డురాదు. మన లిపి సంగతి వేరు. “స్త్రీ” అన్న ఒక్క అక్షరంలో పైన గుడిదీర్ఘం, మధ్య సకారం, క్రింద తవత్తు, దానితో రవత్తు ఉన్నాయి. సాధారణ పరిమాణంలో కూర్చినప్పుడు వీటన్నిటికీ కలిపి నిలువునా దొరికేది పదహారు, ఇరవై కణాలే. గీతకు ఒకటి, మహా అయితే రెండు. ‘ద’కు ‘ధ’కు, ‘డ’కు ‘ఢ’కు ఉన్న తేడా క్రింది చిన్న గీత, అది కాస్తా మసకబారితే అచ్చుతప్పు పుస్తకంలోకి వెళ్ళిపోతుంది. కాబట్టి అమ్మాయి కోరిక విలాసం కాదు.

ఇక అబ్బాయి మాట. హెర్ట్జు అంటే సెకనుకు ఒక ఆవృత్తి. 60 హెర్ట్జుల తెర సెకనుకు 60 సార్లు బొమ్మను మారుస్తుంది. ఒక్కొక్క బొమ్మ 16.7 మిల్లీసెకన్లు నిలుస్తుంది. 144 హెర్ట్జులైతే 6.9 మాత్రమే. గంటకు 140 కిలోమీటర్ల వేగంతో వచ్చే క్రికెట్ బంతి ఒక బొమ్మకూ మరొక బొమ్మకూ మధ్య మొదటి తెర మీద 65 సెంటీమీటర్లు, రెండవ దాని మీద 27 సెంటీమీటర్లు గంతు వేసినట్లు లెక్క.

ఇందులో మరొక విశేషమున్నది. మన కన్ను బంతి వెంట ఎడతెగకుండా జరుగుతుంది. తెర మీది బంతి మాత్రం ఒకచోట నిలిచి, చటుక్కున మరొకచోట నిలుస్తుంది. కదిలే కంటిలోని నేత్రపటలం మీద ఆ నిలిచిన బొమ్మ అలుక్కుపోతుంది. తెర ఎంత నాణ్యమైనదైనా ఈ అలుకు తప్పదు. నిలిచే కాలం తగ్గితేనే తగ్గుతుంది. పాత గాజుగొట్టం తెరలు బొమ్మను తళుక్కుమనిపించి ఆర్పేసేవి కాబట్టి వాటిలో ఈ బాధ తక్కువ, మినుకుమినుకుమనే బాధ ఎక్కువ. అయితే చూచి స్పందించడానికి మనిషికి 200 మిల్లీసెకన్ల వరకూ పడుతుంది. తెర వల్ల కలిసివచ్చే అయిదారు మిల్లీసెకన్లు సమఉజ్జీల మధ్యనే లెక్కకు వస్తాయి. నిత్యం ఆడేవాడికి కంటికి హాయి మాత్రం నిజమే.

ఈ తెరలలో ఉన్నది ద్రవస్ఫటికం. 1888లో రైనిట్జర్ అనే ఆస్ట్రియా వృక్షశాస్త్రజ్ఞుడు కొలెస్టెరాల్ సమ్మేళనమొకటి 145.5 డిగ్రీల వద్ద మబ్బు ద్రవంగా కరగడం, 178.5 డిగ్రీల వద్ద తేటపడడం గమనించాడు. ఆ మధ్యస్థితియే ఇది. మన గుంటూరు చేరువలోని నాగార్జున విశ్వవిద్యాలయంలోనూ వీటిపై పరిశోధనలు జరిగాయి. విద్యుత్తు తగిలితే దీని అణువులు ఒరిగి వెలుతురును వదులుతాయి లేదా ఆపుతాయి. అవి ఒరగడానికీ సమయం పట్టాలి. పెట్టె మీద రాసే “1 మిల్లీసెకను” అత్యంత అనుకూల పరిస్థితిలోనిది. దానిని పూర్తిగా నమ్మనక్కరలేదు. అణువుల అమరికను బట్టి రకాలున్నాయి. టి.ఎన్. రకం చవక, చురుకు. కాని ప్రక్కనుంచి చూస్తే రంగు మారుతుంది. వి.ఎ. రకంలో నలుపు గాఢం, చీకటి దృశ్యాలలో మందగమనం. ఐ.పి.ఎస్. రకంలో రంగు నిలకడ. ఒకప్పుడు మందకొడి అనిపించుకున్న ఇది ఇప్పుడు ఆటకూ చాలినంత వేగం పుంజుకున్నది.

అయితే ఎక్కువ కణాలు, ఎక్కువ వేగం రెండూ ఒకేచోట ఎందుకు తీసుకోకూడదు? అడ్డం 3840, నిలువు 2160 గల తెరలో సుమారు 83 లక్షల కణాలుంటాయి. 1920, 1080 గల దానికి సరిగ్గా నాలుగు రెట్లు. వాటిని సెకనుకు 144 సార్లు లెక్కకట్టి నింపాలంటే కంప్యూటరులోని చిత్ర విభాగం ఖరీదే తెర ఖరీదును మించుతుంది. అందుచేత 27 అంగుళాలు, అడ్డంగా 2560 కణాలు, ఐ.పి.ఎస్. రకం, 144 హెర్ట్జులు అనే మధ్యేమార్గం చెప్పాను. కణాలు 1.8 రెట్లే. 80 సెంటీమీటర్ల దూరంలో కూర్చుంటే చుక్క కనపడదు. ఎత్తు సరిచేసుకునే పీట ఉన్నది చూడమన్నాను. దుకాణంలో ఆడే రంగుల సినిమా చూచి మురిసిపోక, “రాష్ట్రం”, “స్త్రీ”, “ఢంకా” అని టైపు చేయించి ఇంట్లో కూర్చునే దూరం నుంచే చదవమన్నాను.

ఆయన విజయవాడ వెళ్ళి తెచ్చుకున్నారు. వారం తరువాత అబ్బాయి ఫోను: పాతదానికీ దీనికీ ఆటలో తేడా ఏమీ లేదట. కంప్యూటరు అమరికలో 60 హెర్ట్జులే ఉండిపోయింది. దానిని మార్చినా 144 రాలేదు. పాత తీగనే తగిలించాడు, అది అంత సమాచారాన్ని మోయలేదు. పెట్టెలో వచ్చిన కొత్త తీగ విప్పకుండానే ఉన్నది.