ఒంట్లో కావలివాళ్లు

వరి కోతలో కొడవలి తగిలి కోడలి వేలు తెగింది. గుడ్డ చుట్టుకుని పని చేసింది. తెల్లారేసరికి వేలు వాచింది. ఎర్రబడింది. ముట్టుకుంటే వేడి. ఒకటే సలుపు.

"గాలి సోకినట్టుంది" అంది అత్త. పేడ తెచ్చి పట్టు వేయబోయింది. అంతలో నర్సమ్మ వచ్చింది.

"పెద్దమ్మా, ఆగు! పేడ పెట్టొద్దు. ఇది గాలి కాదు. ఒంట్లో కావలివాళ్లు లేచారు" అంది.

ఎవరా కావలివాళ్లు?

మన రక్తంలో తెల్ల కణాలు ఉంటాయి. అవి కంటికి కనపడవు. అవే కావలివాళ్లు. కొన్ని రక్తంలో తిరుగుతాయి. కొన్ని చర్మం కింద కాపు కాస్తాయి. ఈ కాపలా పుట్టుకతోనే వస్తుంది.

కొడవలికి, మట్టికి సూక్ష్మజీవులు అంటుకుని ఉంటాయి. తెగినచోట అవి లోపలికి దూరతాయి. వాటిని కావలి కణం ఎలా గుర్తు పడుతుంది?

పొరుగూరి పశువు చేలో పడితే ముద్ర చూసి గుర్తు పడతాం. ఇదీ అంతే. సూక్ష్మజీవి పైపొరలో కొన్ని పదార్థాలు ఉంటాయి. అవి మన ఒంట్లో తయారు కావు. కావలి కణం మీద వాటిని పట్టే గ్రాహకాలు ఉంటాయి. పరాయి పదార్థం గ్రాహకానికి తగిలితే చాలు. కణం కొన్ని రసాయనాలు వదులుతుంది. అదే కావలివాడి కేక.

కేక అందగానే అక్కడి రక్తనాళాలు వెడల్పవుతాయి. రక్తం ఎక్కువ వస్తుంది. అందుకే ఎరుపు, వేడి. నీరు ఊరుతుంది. అందుకే వాపు. తెల్ల కణాలు గుంపుగా వచ్చి సూక్ష్మజీవుల్ని మింగుతాయి. ఆ పోరులో చచ్చిన కణాలు చీముగా వస్తాయి. కేక మెదడు దాకా చేరితే జ్వరం వస్తుంది.

ఈ సంగతి తెలియడానికి చిన్న ఈగలు సాయపడ్డాయి. పండ్ల మీద ముసిరే ఈగలవి. వాటిలో 'టోల్' అనే జన్యువు ఉంది. అది చెడిన ఈగలు బూజు సోకి చచ్చిపోయాయి. 1996లో ఫ్రాన్సులో జూల్స్ హాఫ్‌మన్ బృందం దీన్ని చూపింది. 1998లో అమెరికాలో బ్రూస్ బ్యూట్లర్ బృందం ఎలుకల్లో ఇలాంటి గ్రాహకం పని కనిపెట్టింది. మనుషుల్లోనూ ఇవి ఉన్నాయి. 2011లో ఆ ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది.

కావలివాళ్లు ఉన్నారు గదా అని ఊరుకోవచ్చా? కూడదు. దొంగలు మరీ ఎక్కువైతే కావలి చాలదు. పేడలో, మట్టిలో ధనుర్వాతం తెచ్చే సూక్ష్మజీవులు ఉంటాయి. పేడ పెడితే వాటిని చేతులారా లోపలికి పంపినట్టే.

గాయం కాగానే సబ్బుతో, మంచినీళ్లతో కడగాలి. శుభ్రమైన గుడ్డ కట్టాలి. ధనుర్వాతం సూది కావాలేమో నర్సమ్మను అడగాలి. ఎరుపు పైకి పాకినా, జ్వరం వచ్చినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి.

అత్త పేడ పారేసింది. చేతులు కడుక్కుంది. కోడల్ని వెంటబెట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది.