ఇంట్లో పట్టిన పాట

శివరాత్రికి శ్రీశైలం నడిచిపోయేవాళ్లను చూశారా? ఆత్మకూరు దాటి, వెంకటాపురం, నాగలూటి, పెచ్చెరువు మీదుగా నల్లమల అడవిలో నడుస్తారు. భీముని కొలను దగ్గర మెట్లు దిగి, మళ్లీ ఎక్కుతారు. కైలాసద్వారం దాటాక శ్రీశైలం వస్తుంది. దారి పొడుగునా పాటలే. ఒకరు ఎత్తుకుంటే పదిమంది అందుకుంటారు.

ఆ పాటను ఎవరైనా టేపులో పట్టి ఉంటే ఎట్లా వినపడుతుంది? పాట కంటే ముందు కాళ్ల చప్పుడు వస్తుంది. ఎక్కుడులో రొప్పు వస్తుంది. గొంతు మసకగా, దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. వెనక 'స్‌స్‌స్' అని సన్నని చప్పుడు ఆగకుండా సాగుతుంది.

ఇట్లాంటి పాటను ఒకప్పుడు బాగా పట్టలేదని పక్కన పెట్టేవాళ్లు. ఇప్పుడు పట్నం పిల్లలు ఇదే చప్పుడును కావాలని కంప్యూటరులో చేసి పాటకు కలుపుతున్నారు. దీనికి 'లో-ఫై' అని పేరు. ఇది ఇంగ్లీషు మాట. పాడిన గొంతుకూ, యంత్రంలోంచి వచ్చే గొంతుకూ పోలిక తక్కువ అని అర్థం. ఎత్తిపొడుపు మాట కాస్తా మెచ్చుకోలు అయింది!

చప్పుడు ఎక్కడిది?

కాసెట్టు 1963లో వచ్చింది. శ్రీశైలం డ్యాముకు పునాదిరాయి పడిన ఏడాదే. ఫిలిప్స్ కంపెనీ దాన్ని తెచ్చింది. లోపలి రీలు వెడల్పు నాలుగు మిల్లీమీటర్ల లోపే. దాని మీద ఇనుప తుప్పు వంటి మెత్తని పొడి పూసి ఉంటుంది. మైకులో పడిన గొంతు కరెంటుగా మారుతుంది. ఆ కరెంటు యంత్రంలోని చిన్న అయస్కాంతానికి చేరుతుంది. దాని ముందు నుంచి రీలు పోతుంటే, పొడి మీద గొంతు గుర్తులు పడతాయి. పలక మీద బలపం గుర్తులు పడినట్టే.

పిండిని ఎంత జల్లించినా వేలికి కొంచెం గరుకు తగులుతుంది కదా. ఈ పొడీ అంతే. ఎవరూ పాడకపోయినా ఆ గరుకు చెవికి తగులుతుంది. అదే ఆ 'స్‌స్‌స్'.

ఇంకొకటి ఉంది. కాసెట్టులో రీలు సెకనుకు అయిదు సెంటీమీటర్లు కూడా నడవదు. స్టూడియోల్లో పెద్ద రీళ్లు సెకనుకు 38 సెంటీమీటర్లు నడిచేవి. పెద్ద పలక మీద అక్షరాలు విడివిడిగా రాయొచ్చు. చిన్న పలక మీద అంతా రాయాలంటే ఒకదాని మీద ఒకటి పడతాయి. తాళాల గలగల, గాజుల చప్పుడు వంటి సన్నని శబ్దాలు చాలా దగ్గర దగ్గరగా పడాలి. కాసెట్టులో అవి అలుక్కుపోతాయి. అందుకే గొంతు మెత్తగా వస్తుంది. గంజి పెట్టిన కొత్త చీర పదిసార్లు ఉతికాక మెత్తబడుతుందే, అట్లా.

బ్యాటరీ తగ్గినా, లోపలి రబ్బరు పట్టీ సాగినా రీలు నిలకడగా తిరగదు. అప్పుడు రాగం ఊగుతుంది. అవ్వ తప్పు పాడలేదు, పట్టీ సాగింది.

అమెరికాలో బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ అని పేరున్న పాటగాడు ఉన్నాడు. 1982 జనవరిలో ఆయన తన ఇంట్లోనే కూర్చుని, గిటారు వాయించుకుంటూ కాసెట్టులో పాటలు పట్టాడు. నమూనాకే పట్టాడు. తర్వాత స్టూడియోలో వాద్యగాళ్లతో కలిసి మళ్లీ పాడాడు. కానీ ఇంటి కాసెట్టులో ఉన్నది అక్కడ రాలేదు. చివరికి ఆ కాసెట్టు పాటలనే అదే ఏడాది విడుదల చేశారు.

ఇంట్లో ఎట్లా పట్టాలి?

మన సీమ ఇళ్లలో కింద బండలు, చుట్టూ గట్టి గోడలు. గొంతు గోడకు తగిలి తిరిగొస్తుంది, మాట తెలియదు. గోడకు ఒక బొంత వేలాడదీయండి. కింద జంపఖానా పరవండి. ఫ్యాను ఆపండి. మైకు అయినా ఫోను అయినా నోటికి జానెడు దూరంలో, కొంచెం పక్కగా ఉండాలి. ఎదురుగా పెడితే 'ప', 'బ', 'భ' అన్నప్పుడు గాలి దబ్బున కొడుతుంది. భ్రమరాంబ పాట పాడితే తెలుస్తుంది!

మసక గొంతు కావాలా? ఫోనులో శుభ్రంగా పట్టిన పాటను టేపు రికార్డరు ముందు మోగించి కాసెట్టులో పట్టండి. ఆ కాసెట్టును మోగించి మళ్లీ ఫోనులో పట్టండి. ఒక్కసారి తిప్పితే చాలు. మూడు నాలుగు సార్లు తిప్పితే మాటలు పోతాయి. మాటలు పోయిన పాట ఎవరికి కావాలి?

అందుకే మొదట శుభ్రంగా పట్టినదాన్ని చెరపకూడదు. గరగర ఎప్పుడైనా కలపొచ్చు. పోయిన మాటను తేలేరు. శ్రీశైలం డ్యాము నీళ్లలో ఎన్నో ఊళ్లు మునిగిపోయాయి. ఆ ఊళ్లలో విసురురాయి దగ్గర, కలుపు తీస్తూ పాడిన పాటలు ఆడవాళ్ల నోటనే ఉన్నాయి. పుస్తకాల్లోకి ఎక్కనివి ఎన్నో. పాడే అవ్వలు ముసలివాళ్లయ్యారు. ఏ ఇంట్లోనో పెట్టె అడుగున ఒక పాత పెండ్లి కాసెట్టు ఉండొచ్చు. అందులో ఆ గొంతు ఉండొచ్చు.

అట్లాంటి కాసెట్టు దొరికితే దాని మీద ప్రయోగాలు వద్దు. ఎండలో, స్పీకరు పక్కన పెట్టొద్దు. చెమ్మ తగిలితే రీలుకు బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని యంత్రంలో పెట్టొద్దు, తెలిసినవాళ్లకు చూపించండి. బాగున్నదైతే వెంటనే ఫోనులోకి ఎక్కించండి. కంప్యూటరు తెలిసిన పిల్లలుంటే వైరు పెట్టి నేరుగా ఎక్కిస్తారు, అప్పుడు గది చప్పుడు కలవదు. పాడినవాళ్ల పేరు, ఊరు, ఏడాది కాసెట్టు మీద రాసి పెట్టండి.

ఇంకో ప్రమాదం ఉంది. ఇంట్లో పిల్లోడు ఎర్ర మీట నొక్కితే అవ్వ పాట మీద సినిమా పాట పడుతుంది. కాసెట్టు వెనక అంచున రెండు చిన్న ప్లాస్టిక్ తునకలు ఉంటాయి, ఒక్కో వైపుకు ఒకటి. వాటిని విరిచేస్తే ఎర్ర మీట దిగదు. ఎప్పుడైనా ఆ కాసెట్టులో మళ్లీ పట్టాలనుకుంటే, ఆ గుంత మీద టేపు ముక్క అతికిస్తే సరిపోతుంది.