అల విరగని చోటు

విశాఖపట్టణము నుండి భీమునిపట్టణము వరకు గల తీరము చాలవరకు ఇసుక తీరమే. కాని అక్కడక్కడ తూర్పు కనుమల కొనలు సముద్రమును తాకుటచే ఇసుకకు అంచుగా రాళ్ళ గుట్టలు కనబడును. వీనిలో ఖొండలైటు అను శిల విశేషముగా నున్నది. ఇట్టి చోట గాలము వేయువానిని ఎప్పుడైనను గమనించితిరా? అనుభవము గలవాడు వచ్చిన వెంటనే గాలము విసరడు. కొంతసేపు నీటివంక చూచుచు నిలుచును. పిదప తెల్లని నురుగు పొంగు చోటును విడిచి, రాళ్ళ ప్రక్కన అల విరగక నీరు కొంచెము ముదురు రంగుగా నున్న చోట గాలము వేయును.

అదే చోటును చూచి, 'ఇక్కడ అలలు లేవు, స్నానమునకు అనువుగా నున్నది' అని దిగిన యాత్రికుడు తరచు ప్రాణాపాయములో పడును. చేప అక్కడ చేరుటకును, మనిషి అక్కడ కొట్టుకొనిపోవుటకును కారణము ఒక్కటే. అది ఏమో చూతము.

అల లోతు నీటిలో విరగదు. తీరమును సమీపించిన కొలది అడుగు దగ్గరగుటచే అల వేగము తగ్గును, ఎత్తు పెరుగును. అల ఎత్తు నీటి లోతులో సుమారు 5లో 4 వంతులు కాగానే దాని శిఖరము నిలువలేక ముందుకు కూలును. అనగా 1 మీటరు ఎత్తు గల అల సుమారు ఒకటింబావు మీటరు లోతున విరుగును. కాబట్టి నురుగు పొంగిన చోట అడుగున ఇసుక తిన్నె ఉన్నదనియు, ప్రక్కన అల విరగక సాగిన చోట లోతైన కాలువ ఉన్నదనియు గ్రహింపవచ్చును. కంటికి కానరాని అడుగు భాగమునకు నురుగే పటము.

విరిగిన ప్రతి అలయు కొంత నీటిని ఒడ్డువైపు నెట్టును. ఆ నీరు మరల సముద్రములోనికి పోవలెను గదా! ఎదురుగా తిన్నె, దానిపై వచ్చిపడు అలలు అడ్డుగా నుండుటచే, అది ఒడ్డు వెంబడి ప్రక్కకు పారి, తిన్నె తెగిన లోతైన చోట చేరి, అక్కడనుండి వేగముగా బయటికి పోవును. ఆంగ్లమున దీనిని రిప్ కరెంటు అందురు. మనము మరలు ప్రవాహము అనవచ్చును. ఒడ్డు వెంబడి పారు నీటికి రాళ్ళు అడ్డు తగిలినపుడు కూడ అది వాని ప్రక్కగా బయటికి మరలును.

ఇసుక తిన్నెలు స్థిరమైనవి కావు. 1950 దశకమున అమెరికను సముద్ర శాస్త్రజ్ఞుడు ఇ. సి. లాఫాండు ఆంధ్ర విశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇక్కడి పరిశోధకులతో కలసి వాల్తేరు తీరమున ఇసుక పెరుగుటను, తరుగుటను పరిశీలించెను. తిన్నెలతోపాటు వాని నడిమి కాలువలును చోటు మారును. రాళ్ళు కదలవు కనుక వాని ప్రక్కనుండు మరలు ప్రవాహము పదే పదే అదే చోట ఏర్పడును.

ఇక చేపల సంగతి. అలలు తాకు ఇసుక నిర్జీవమని తలచరాదు. ఎమెరిటా అను బొటనవ్రేలంత జీవి, ఎండ్రకాయలకు దూరపు చుట్టము, ఇసుకలో వెనుకకు దూరి కూర్చుండి, ఈకల వంటి మీసములతో మరలు నీటిలోని ఆహారమును వడగట్టుకొనును. డోనాక్సు అను చిన్న ముక్కోణపు గుల్లలు, పలువిధములైన పురుగులు కూడ ఇసుకలో నుండును. అలలు ఇసుకను కుళ్ళగించి వీనిని పైకి తేగా, ప్రవాహము కాలువలోనికి చేర్చును. రాళ్ళమీద నాచు, ఆలిచిప్పలు, పీతలు ఉండును. పోటు వచ్చినపుడు చిన్న చేపలు మేతకు రాళ్ళపైకి వచ్చును. పార, గొరక వంటి చేపలు వీనికొరకు కాలువ అంచున కాచుకొనియుండును. బొంత చేప రాళ్ళ సందులలో దాగును. ఇసుక యొక్క ఆహారమును, రాళ్ళ ఆహారమును ఒకచోట చేరు సంధి యది. గాలమువాడు వెదకినది దానినే.

ఈ ప్రవాహపు వేగము సామాన్యముగా సెకనుకు అర మీటరు వరకు ఉండును. ఒక్కొక్కప్పుడు 2 మీటర్లకు కూడ పెరుగును. సెకనుకు 1 మీటరు వేగముతో చాలసేపు ఎదురీదుట సామాన్య ఈతగానికి సాధ్యము కాదు. ఆటు వేళ నీరు తిన్నెలను విడిచి కాలువలలోనే పారవలసివచ్చుటచే ప్రవాహము తరచు బలపడును. అయితే ఇది మనిషిని క్రిందికి లాగదు, బయటికి మాత్రమే కొనిపోవును. ఒడ్డువైపు ఎదురీది అలసిపోవుటయే మునుగుటకు ముఖ్య కారణము. చిక్కినవాడు భయపడక తేలియుండి, చేయి ఎత్తి సహాయము కోరవలెను. ఈదగల శక్తి యున్నచో ఒడ్డుకు సమాంతరముగా, రాళ్ళకు దూరముగా ఈది, నురుగు గల చోటునుండి ఒడ్డు చేరవలెను. చూచినవారు తామును నీటిలో దూకక, తేలెడి వస్తువును గాని, త్రాటిని గాని విసరి, తీర రక్షకులను పిలువవలెను.

రాళ్ళపై నిలుచువానికి మరియొక అపాయము కలదు. కొంచెము భేదము గల రెండు శ్రుతిదండములను మ్రోగించినపుడు ధ్వని హెచ్చి తగ్గుట మీ విద్యార్థులు వినియుందురు. అలలును అట్లే గుంపులుగా వచ్చును. కొన్ని నిమిషములు చిన్న అలలు వచ్చి, పిదప కొన్ని పెద్దవి వరుసగా రావచ్చును. కావున రాతిపైకి పోకముందు కనీసము పావుగంట సేపు గమనింపవలెను. తడిసిన రాతిపైనను, నాచుపైనను నిలువరాదు. సముద్రమునకు వీపు చూపరాదు.

ఉపాధ్యాయులు విద్యార్థులను తీరమునకు కొనిపోయినపుడు నీటికి దూరముగా ఎత్తైన చోట నిలిపి, కాగితముపై నురుగు గీతలను, వాని నడిమి ఖాళీలను గీయింపుడు. బయటికి కదలు నురుగును, ఇసుక కలసిన మడ్డి నీటిని బాణపు గుర్తులతో చూపింపుడు. ఆటు వేళ మరల వచ్చి, బయటపడిన తిన్నెలతో ఆ పటమును పోల్చి చూడుడు. తాము గీచిన పటములో ఎక్కడ దిగరాదో స్వయముగా గుర్తించిన విద్యార్థి దానిని తన ఇంటివారికి కూడ చెప్పగలడు.