మందులకు లొంగని మూర్ఛ: మెదడు చిత్రములు చెప్పునదేమి?

మూర్ఛ వచ్చినవారి చేతిలో తాళపుచెవుల గుత్తి పెట్టు ఆచారము మన వరంగల్లు ప్రాంతమున నేటికిని కలదు. మూర్ఛ సాధారణముగా రెండు మూడు నిమిషములలో తనంతట తానే ఆగును. కీర్తి మాత్రము తాళపుచెవులకు దక్కును. ఇట్టిదే మరియొక కాలహరణము కలదు. మందులు పనిచేయకున్నను వానినే మార్చి మార్చి వాడుచు ఏండ్లు గడుపుట.

మూర్ఛరోగులలో ఇంచుమించు మూడింట ఒకవంతు మందికి మందులతో మూర్ఛలు పూర్తిగా ఆగవు. సరిగా ఎన్నుకొని, తగిన మోతాదులో వాడిన రెండు మందులును విఫలమైనచో, దానిని మందులకు లొంగని మూర్ఛగా ఎంచవలెనని ఈ వ్యాధిపై కృషిచేయు అంతర్జాతీయ సంఘము 2010లో నిర్ణయించినది. అప్పుడు మూర్ఛ మెదడులో ఎచట పుట్టుచున్నదో వెదకవలెను.

ఇందులకు ముఖ్య సాధనము ఎం.ఆర్.ఐ. చిత్రము. కణతల లోపలి భాగమున, జ్ఞాపకశక్తికి ఆధారమైన హిప్పోకాంపస్ అను చిన్న అవయవము కలదు. కొందరిలో అది కుంచించుకొని, గట్టిపడి, చిత్రములో తెల్లగా మెరయును. మరికొందరిలో మెదడు పైపొర పుట్టుకనుండియే ఒకచోట సరిగా అమరి యుండదు. చిన్న కంతులు, పాత గాయముల మచ్చలు, బద్దెపురుగు పిల్ల చచ్చి సున్నము పట్టిన బొట్టు కూడ కనబడవచ్చును. ఈ చివరిదానిని సి.టి. చిత్రము స్పష్టముగా చూపును.

అయితే మచ్చ కనబడినంతనే అదియే కారణమనరాదు. ఇ.ఇ.జి. పరీక్షయు, మూర్ఛ వచ్చు తీరును అదే చోటును చూపవలెను. చిత్రము బాగున్నదన్నంతనే వ్యాధి లేదనియు కాదు. పలుచని పొరలుగా తీసి, అనుభవజ్ఞులు చూచినచో మునుపు తప్పిపోయిన లోపము బయటపడవచ్చును.

మూలము దొరికి, దానిని తొలగించుటవలన మాటకు, జ్ఞాపకమునకు హాని లేదని తేలినచో, శస్త్రచికిత్స చేయవచ్చును. 2001లో కెనడా వైద్యులు కణత భాగపు మూర్ఛగల 80 మందిని పరిశీలించిరి. ఏడాది గడచుసరికి స్పృహ తప్పించు మూర్ఛలు లేనివారు శస్త్రచికిత్స వర్గమున నూటికి 58 మంది, మందుల వర్గమున 8 మంది. మన దేశమునకును ఇది కొత్త కాదు. వెల్లూరులో డాక్టరు జేకబ్ చాందీ 1952లోనే ఇట్టి చికిత్స చేసిరి. నేడు హైదరాబాదు నిమ్స్‌లోను జరుగుచున్నది.

కావున రెండు మందులు విఫలమైన యింటివారు మందులు తమంతట తాము మానక, మూర్ఛ వచ్చిన తేదీలు వ్రాసియుంచి, వీలైనచో సెల్‌ఫోనులో దాని చిత్రము తీసి, నరముల వైద్యునికి చూపవలెను. చదువుకొను పిల్లకు గాని, బండి నడిపి కుటుంబమును పోషించువానికి గాని, పోయిన ఏండ్లు తిరిగిరావు.