మేళానికి వీసా: చట్టం దృష్టిలో బృందమంటే ఎవరు?

చెన్నైలోని చూలై నుంచి జెమిని కూడలి దగ్గరి అమెరికా కాన్సులేటుకు దూరం ఆరేడు కిలోమీటర్లకు మించదు. కాని చూలైలో ఒక మేడమీద సాధన చేసుకునే కూచిపూడి బృందానికి ఆ దూరం దాటడానికి నెలలు పట్టవచ్చు. అంతకు ముందే అమెరికాలో తేలవలసిన ప్రశ్న ఒకటుంది: అసలు బృందమంటే ఎవరు? విదేశాల్లోని తెలుగు సంఘాలు కళాకారులను పిలిచేటప్పుడు ఉత్తరాలు రాయడం, కాగితాలు సిద్ధం చేయడం తరచు విద్యార్థుల మీదనే పడుతుంది. అందుకే ఈ సంగతిని ఇక్కడ వివరిస్తున్నాము.

పారితోషికం తీసుకుని ప్రదర్శన ఇచ్చే కళాకారులు సందర్శకుల వీసా మీద వెళ్ళకూడదు. వారికోసం అమెరికా 1990 నాటి వలస చట్టంలో ‘పి’ అనే తరగతిని ఏర్పరచింది. 1992 ఏప్రిల్ నుంచి అది అమలులో ఉంది. అందులో మనకు ముఖ్యమైనవి రెండు. అంతర్జాతీయంగా పేరున్న బృందాలకు పి-1. ఒక జాతి సంస్కృతికే ప్రత్యేకమైన కళను ప్రదర్శించేవారికి, నేర్పేవారికి పి-3.

పేరున్న బృందం కనుక పి-1 కోరుదామని ఎవరికైనా తోస్తుంది. చిక్కు అక్కడే ఉంది. ఆ పేరు బృందానిదై ఉండాలి. గురువుగారు ఎంత ప్రసిద్ధులైనా, ఆయన ఒక్కరి కీర్తి బృందం కీర్తిగా లెక్కకు రాదు. పైగా ప్రదర్శనలో పాలుపంచుకునేవారిలో 75 శాతం మంది కనీసం ఏడాదిగా ఆ బృందంతో నిలకడైన సంబంధం కలిగి ఉండాలి.

ఒక బృందాన్ని ఊహించుకుందాం. నట్టువాంగం పట్టే గురువు, ఏడుగురు నర్తకులు, గాయకుడు, మృదంగం, వయొలిన్, వేణువు: మొత్తం పన్నెండుగురు. ఇందులో తొమ్మిది మంది ఏడాదికి పైబడి ఉన్నవారు కావాలి. నర్తకులందరూ పాతవారే. వాద్యకారులు ముగ్గురూ, గాయకుడూ మాత్రం ఈ పర్యటన కోసం కుదిరినవారు. పాతవారు ఎనిమిది మందే తేలారు. ఒక్కరు తక్కువైనందుకు అర్జీ నిలవదు.

ఇది ఆ బృందం లోపం కాదు. పూర్వం కృష్ణా జిల్లా కూచిపూడి నుంచి బయలుదేరే మేళాల్లో తండ్రి, కొడుకు, మేనల్లుడు కలిసి ఊరూరా తిరిగేవారు. వారిని అడిగి ఉంటే ఏడాదేమిటి, తరాల లెక్కే చెప్పేవారు. ఆ గ్రామం నుంచే వచ్చిన వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీని స్థాపించారు. కూచిపూడి నగరంలో వేళ్ళూనడానికి అది పెద్ద కారణమైంది. నగరంలో పద్ధతి వేరు. నర్తకులు ఒక గురువును అంటిపెట్టుకుని ఉంటారు. వాద్యకారులు మాత్రం ఇవాళ ఒకరి కచేరీకి, రేపు మరొకరి నృత్యానికి వెళతారు. మార్గశిరంలో వారి తీరిక దొరకడమే కష్టం. ఏడాది పొడుగునా కలిసి ఉండే వాద్యబృందానికి సరిపోయే నిబంధన, ఈ పద్ధతికి సరిపోదు.

ఇటువంటివారికి పి-3 దారి మేలు. అందులో 75 శాతం లెక్క లేదు. అంతర్జాతీయ ఖ్యాతిని రుజువు చేయనక్కరలేదు. కళ సంస్కృతికి ప్రత్యేకమైనదని, ఇవ్వబోయే ప్రదర్శనలన్నీ అటువంటివేనని చూపాలి. సంప్రదాయంగా వచ్చిన కళలే ఇందుకు తగినవని అనుకోనక్కరలేదు. అర్జెంటీనాలోని ఒక యూదు సంగీత బృందం విషయంలో 2012లో వచ్చిన నిర్ణయం, రెండు సంస్కృతుల కలయికతో పుట్టిన కళ కూడా ప్రత్యేకమైనదే కావచ్చునని తేల్చింది. కొత్తగా కూర్చిన నృత్యరూపకాలకు ఈ మాట ఆసరా.

ఇక జరిగే క్రమం. అర్జీ పెట్టేది కళాకారులు కాదు. అమెరికాలో పిలిచే సంస్థగాని ఏజెంటుగాని పెట్టాలి. ప్రదర్శనకు ఏడాది ముందునుంచే పెట్టవచ్చు. ఒప్పందం, ఊర్లూ తేదీలతో కార్యక్రమ పట్టిక, అక్కడి కళాకారుల కార్మిక సంఘం అభిప్రాయం జతచేయాలి. 2024 ఏప్రిల్ నుంచి ఒక అర్జీలో 25 మందికి మించి పేర్లు ఉండకూడదు. ఆహార్యం చూసేవారికి, దీపాలు అమర్చేవారికి వేరే అర్జీ కావాలి.

అర్జీ మంజూరైతే వీసా వచ్చినట్టు కాదు. ఆ తరువాత ఒక్కొక్కరూ దరఖాస్తు నింపి, వేలిముద్రలిచ్చి, కాన్సులేటులో అధికారి ప్రశ్నలకు జవాబు చెప్పాలి. తిరిగి వస్తారన్న నమ్మకం ఒక్కొక్కరి విషయంలోనూ కలగాలి. 2008లో హైదరాబాదులో కాన్సులేటు తెరిచేదాకా ఆంధ్రదేశపు బృందాలు కూడా ఇందుకు చెన్నైకే వచ్చేవి. మృదంగం వాయించేవారికి వీసా రాకపోతే ఆ స్థానంలో మరొకరిని పంపమని పిలిచిన సంస్థ కాన్సులేటును కోరవచ్చు. ఆహార్యం చూసేవారి విషయంలో ఆ వీలు లేదు. అందుచేత ఆ పేర్లు మొదటే ఆలోచించి రాయాలి.

మన విద్యార్థులు చేయగలిగిన పని రెండుచోట్ల ఉంది. మొదటిది అనువాదం. తెలుగు పత్రికల సమీక్షలు సాక్ష్యంగా పనికివస్తాయి. కాని వాటికి పూర్తి ఇంగ్లీషు అనువాదం, అది సరైనదని అనువాదకుని ధ్రువీకరణ ఉండాలి. ప్రదర్శన ‘రక్తి కట్టింది’ అన్న సమీక్షకుని మాటను ‘బాగుంది’ అని దించేస్తే సాక్ష్యం సగం చచ్చిపోతుంది. కలాపానికీ యక్షగానానికీ ఒకే మాట వాడితే కళ ప్రత్యేకతే కనబడదు. రెండవది నిపుణుల లేఖ. అది పొగడ్తల పత్రం కాదు. రాసేవారికి ఆ కళ ఎలా తెలుసో, బృందం చేసేది ఏ సంప్రదాయానికి చెందిందో, అందులో ప్రత్యేకత ఏమిటో వివరంగా చెప్పాలి. రాసేది పెద్దలైనా, వారికి కావలసిన సమాచారం సేకరించి ఇవ్వడం విద్యార్థుల చేతిలో పని.

చూలైలోని ఆ మేడమీద కొత్తగా చేరిన మృదంగ విద్వాంసుడికి ఈ తరగతుల పేర్లు తెలియనక్కరలేదు. పిలిచేవారికి తెలియాలి. ఏ తరగతి కోరాలో వారు తప్పుగా ఎంచుకుంటే, ఇంటివద్ద ఆగిపోయేది ఆయనే.