మీకు తెలుసా? జవాబు చెప్పే యంత్రానికి ఆడపేరే ఎందుకు?

ఖరగ్‌పూర్‌లో 1072.5 మీటర్ల రైల్వే ప్లాట్‌ఫారం ఉంది. 2013లో గోరఖ్‌పూర్ దాటేదాకా ప్రపంచంలో అదే పొడవైనది. 1951లో మొదలైన తొలి ఐఐటీ కూడా ఈ ఊళ్లోనే ఉంది, అక్కడ కృత్రిమ మేధకు ప్రత్యేక కేంద్రమూ ఉంది. రైలూ, కృత్రిమ మేధా కలిసిన చోట మన ఊహ ఎటు మొగ్గిందో చూడండి. రైలు ప్రకటన అనగానే ఎందరికో గుర్తొచ్చేది సరళా చౌదరి గొంతు. 2018లో ఐఆర్‌సీటీసీ తెచ్చిన చాట్‌బాట్ పేరు దిశ, బొమ్మ కూడా అమ్మాయిదే. 2023లో తెలుగు వార్తలు చదివిన కృత్రిమ యాంకర్ మాయ. 2010 నాటి ‘రోబో’ సినిమాలో వీరవిహారం చేసిన చిట్టి మాత్రం మగవాడు! ఓపిగ్గా జవాబిచ్చే పని ఆడపేరుకు, బలం చూపే పని మగరూపానికి పంచేశాం. అంతరిక్షానికి పంపేందుకు ఇస్రో చేసిన ఆడరూపు రోబో వ్యోమమిత్ర ఈ లెక్కకు అందదు, నిజమే. కానీ ఒక్క మినహాయింపుతో అలవాటు మారదు.

దిశ పొడి అక్షరాల పేరేగా అనవచ్చు. మరి అమ్మాయి బొమ్మ ఎందుకు? ఆడగొంతే జనానికి నచ్చుతుందన్నది మరో వాదన. ఏళ్లతరబడి వినిపించిందే చెవికి ఇంపవుతుంది. ఆ ఇష్టాన్ని ప్రకృతి నియమంగా చూపడం సరికాదు. చెప్పినట్టు వినే ఆడగొంతు సహాయకులు పాత పక్షపాతాన్ని బలపరుస్తారని యునెస్కో 2019లోనే హెచ్చరించింది. 2021లో ఆపిల్, తన గొంతు సహాయకం సిరి ఇంగ్లిష్ రూపానికి ముందే ఆడగొంతు పెట్టడం మాని, ఎంపికను వాడేవారికే వదిలింది. మీ ఫోన్‌లోని సహాయకుడికీ వేరే గొంతులు ఉండే ఉంటాయి. సెట్టింగుల్లో ఒకసారి విని చూడండి.