కొత్త బైక్ కొనేముందు బ్రేకు లెక్క

ఆగ్నేయ మధ్య రైల్వే ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో తెలుగు రైల్వే కుటుంబాలు తరతరాలుగా స్థిరపడి ఉన్నాయి. అక్కడైనా, మరెక్కడైనా ఇంటికి కొత్త బైక్ వస్తే ముందుగా అడిగేది మైలేజీ ఎంతని. అంతకన్నా ముఖ్యం, ఆ బండి ఎంత దూరంలో ఆగుతుందన్నది.

గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు సుమారు 11 మీటర్లు. ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు వేయడానికి ఒక సెకను పడితే, ఆలోపే బండి 11 మీటర్లు వెళ్లిపోతుంది. ఆ తర్వాత పొడి రోడ్డుపై ఓ మోస్తరు బ్రేకుతో ఆగడానికి మరో 12 మీటర్లు కావాలి. గతిజశక్తి వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కాబట్టి 80 వేగంలో ఈ 12 మీటర్లు దాదాపు 49 అవుతాయి.

బ్రేకు వేయగానే భారం ముందు చక్రంపైకి మళ్లుతుంది. అందుకే ముందు బ్రేకుకే ఎక్కువ పని. దాన్ని ఒక్కసారిగా బిగిస్తే చక్రం జారుతుంది. భయపడి వెనుక బ్రేకు మాత్రమే తొక్కితే బండి త్వరగా ఆగదు. ఏబీఎస్ చక్రం బిగుసుకుపోకుండా కాపాడుతుంది కానీ, రైడర్ ఆలస్యం చేసిన సెకనును తిరిగి ఇవ్వలేదు.

పాత బండిపై అనుభవం ఉన్నవారికీ కొత్త బండి బరువు, క్లచ్, బ్రేకు కొత్తే. మొదట ఖాళీ మైదానంలో, తక్కువ వేగంతో, రెండు బ్రేకులూ క్రమంగా నొక్కుతూ ఆపడం సాధన చేయాలి. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్‌ పట్టీ బిగించుకోవాలి.

కొనిచ్చేవారికీ బాధ్యత ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే, మోటారు వాహనాల చట్టం 2019 సవరణ ప్రకారం సంరక్షకులకు లేదా యజమానికి మూడేళ్ల వరకు జైలు, రూ.25,000 జరిమానా పడవచ్చు. తాళం చెవి ఇచ్చే ముందు లైసెన్సు, శిక్షణ రెండూ చూడాల్సింది ఇంట్లోని పెద్దలే.